అక్క అడిగిన ‘ఏటి?’

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇరవై ఏళ్ళుగా కోల్‌కతాలో నర్సుగా చేస్తున్నాను. ఎన్నో ప్రాణాలు నా కళ్ళ ముందే పోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.

మా అక్కదీ అదే ఆసుపత్రి. పుట్టి పెరిగింది కోల్‌కతాలోని మెటియాబ్రుజ్ పేటలోనే అయినా, నాన్న శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న మాటే ఆమె నోట ఉండేది. రోగి మూలిగితే చాలు, మంచం పక్కకు చేరి, ఏమిటని అడగడానికి “ఏటి?” అనేది. బెంగాలీలో ‘ఏటి’ అంటే ‘ఇది’. రోగులు అటూ ఇటూ వెతికి, “కోన్‌టా దిది?” అనేవారు. ఏది అక్కా, అని. వార్డంతా నవ్వులు.

అక్క రెండేళ్ళు పైచదువు చదివింది. విషమంగా ఉన్న రోగిని తానే పరీక్షించి, చికిత్స మార్చగల నర్సు చదువు. తిరిగొచ్చాక నర్సింగ్ సూపరింటెండెంట్, ఒక్కో పోస్టుకు ఒక్కో గడి ఉన్న సిబ్బంది ప్రణాళిక కాగితం ముందుకు తోసింది.

“ఇందులో నీకు గడే లేదు కదా దిది. మార్జిన్‌లో రాయమంటావా?”

ఆ రోజు ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

అక్కను మళ్ళీ మామూలు డ్యూటీలోనే వేశారు. ఆ పోస్టు ఇవ్వమని నేను ఏడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. నకళ్ళు నా బీరువాలో ఉన్నాయి.

“ఒగ్గేయే పిల్లా. నాను ఆళ్ళకి అగుపిస్తే కదేటి,” అనేది అక్క.

నాలుగేళ్ళు అలాగే చేసి, డెంగీతో పోయింది.

మరుసటి ఏడు కొత్త ప్రణాళిక వచ్చింది. ఉదయం పదకొండింటికి సూపరింటెండెంట్ వార్డులో నిలబడి చదివింది: అడ్వాన్స్‌డ్ నర్సు, ఒక పోస్టు.

“ఆ చదువు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

నేను ఆమె చేతి కాగితంలో ఆ గడి కోసం వెతుకుతున్నాను.

అప్పుడు మూడో మంచం మీది ముసలమ్మ గోడవైపు తల తిప్పి అడిగింది. “కోన్‌టా దిది?”

అటు ఖాళీ స్టూలు తప్ప ఏమీ లేదు. ఆమె సుందర్‌బన్ నుంచి ముందురోజే వచ్చింది. అక్కను ఎరగదు. జ్వరం లేదు, మత్తుమందు ఇవ్వలేదు. చార్టు నేనే రెండుసార్లు చూశాను.

ఎవరిని అడిగావన్నాను.

“ఆ దిదినే. ‘ఏటి, ఏటి’ అంటోంది. ఏం చూపిస్తోందో తెలియడం లేదు.”

చూపించడం కాదు, అడుగుతోందని ఆమెకు ఎలా చెప్పను?

సూపరింటెండెంట్ ఆ గడిలో ‘ఖాళీ’ అని రాసుకుని వెళ్ళిపోయింది.

అక్క మాట ముసలమ్మకు ఎలా వినిపించిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అప్పుడు మాత్రం నేను స్టూలు దగ్గరికి వెళ్ళి, “నీ పోస్టొచ్చిందక్కా,” అన్నాను.

ఆ తర్వాత ముసలమ్మ మళ్ళీ అటు తిరగలేదు.