మిల్లు కళ్లం మీద చక్రాల బూట్లు

మా ఇల్లు ముదిగొండ దగ్గర ఒక రైసుమిల్లు ప్రహరీ లోపల ఉండేది. నాన్న ఆ మిల్లులో ఫిట్టరు. సాయంత్రం గేటు మూశాక లోపల మిగిలేది మేం ముగ్గురం, వాచ్‌మన్, ఒక కుక్క. ఆ కుక్క కూడా వాచ్‌మన్‌దే. మా వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి చాలా ఏళ్లయినా బడిలో నేను ఆంధ్రా పిల్లనే. సెలవులకి అటు వెళితే అక్కడి పిల్లలు నా మాట విని తెలంగాణ పిల్ల అని నవ్వేవారు. రెండు జిల్లాల్లో ఇంతమందిని నవ్వించిన పిల్లకి బోలెడుమంది స్నేహితులుండాలి. నాకు ఒక్కరూ లేరు.

భద్రాచలం దగ్గర కాగితం ఫ్యాక్టరీ కాలనీలో మా మేనమామ ఉండేవాడు. తొంభైల మొదట్లో ఒకసారి అమ్మతో అక్కడికి వెళ్లినప్పుడు, కాలనీ క్లబ్బులోని కలర్ టీవీలో ఒక చైనా అమ్మాయిని చూశాను. బూట్ల కింద కత్తుల్లాంటివి బిగించుకుని మంచుగడ్డ మీద జారుతోంది. ఎర్ర గౌను వేసుకుంది. నాకంటే ఏడాదో రెండేళ్లో పెద్దదయి ఉంటుంది. గాల్లోకి ఎగిరి, గిర్రున తిరిగి, దిగేటప్పుడు పడిపోయింది. నేను అయ్యో అనేలోగా లేచి, అసలు పడనే లేదన్నట్టు మిగతాదంతా పూర్తి చేసింది. టీవీలో ఇంగ్లీషులో చెబుతున్నది విని మామయ్య మాకు తెలుగులో చెప్పాడు. చిన్నప్పుడే ఇల్లు వదిలి హాస్టల్లో ఉండి నేర్చుకుంటోందట, అమ్మానాన్నలని ఏడాదికోసారి చూస్తుందట, పెద్ద పోటీకి రావడం ఇదే మొదటిసారట.

అమ్మ పాపం అంది. నాకు పాపమనిపించలేదు సరికదా, కుళ్లు పుట్టింది. అంత పెద్ద చోట ఒక్కతే ఉంది, నిజమే. కానీ అందరూ తననే చూస్తున్నారు. మా మిల్లులో నన్నెవరు చూస్తారు?

బదిలీ మీద వెళ్లిపోయిన ఒక ఆఫీసరు పిల్లల చక్రాల బూట్లు మామయ్య ఇంట్లో అటక మీద పడి ఉన్నాయి. ఒక్కో బూటుకి నాలుగు చక్రాలు, చీలమండకి తోలు పట్టీ. నా పోరు పడలేక ఆయన వాటిని నాకిచ్చేశాడు.

మా మిల్లులో ఉప్పుడు వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఉండేది. అంత నున్నటి నేల జిల్లాలో ఇంకెక్కడా లేదని నా నమ్మకం. ఆడకూలీలు పగలంతా కాళ్లతో వడ్లు తిరగేసి, పొద్దువాలే ముందు కుప్పలు చేసి పట్టాలు కప్పేవారు. ఆ తర్వాత చీకటి పడేదాకా కళ్లం నాదే. టీవీలో చూసిన ఆ కాసేపే నాకు పాఠం. ముందుకి, వెనక్కి, ఒంటికాలి మీద, గుండ్రంగా తిరగడం అన్నీ పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. చైనా అమ్మాయి నా పక్కనే జారుతున్నట్టు అనుకుని ఆమెతో మాట్లాడేదాన్ని. ఆమెకి తెలుగు వచ్చు. మా యాసని ఎప్పుడూ వెక్కిరించలేదు.

ఒకరోజు పట్టా కప్పి వెళుతున్న ఒక కూలి ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంటూ అడిగింది. "ఒక్కదానివే గిట్ల తిరుగుతవేంది బిడ్డా? ఎవలన్న తోడుంటే మంచిగుంటది గదా." నాకు ఒళ్లు మండింది. ఉన్నమాట అనేవాళ్లంటే ఆ వయసులో నాకు మహా కోపం. ఇప్పుడూ పెద్దగా తగ్గలేదు.

బూట్లతో ఒకటే ఇబ్బంది. అవి ఎప్పుడూ గోడ వైపుకి లాగేవి. పాత సరుకు కదా, చక్రాలు అరిగాయనుకున్నాను. నాన్న కూడా అదే అన్నాడు. తీరినప్పుడల్లా వాటిని ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పెట్టి, ఖమ్మం వెళ్లినప్పుడు కొత్త బేరింగులు తెచ్చి వేసేవాడు. మిల్లు యంత్రాన్ని చప్పుడు విని బాగుచేసే మనిషికి ఆ చక్రాలు మాత్రం లొంగలేదు. ఇక నేనే సర్దుకున్నాను. గోడ వైపు పోయేటప్పుడు కాలు బిగబట్టి, ఇవతలికి వచ్చేటప్పుడు గట్టిగా తోసి, ఒళ్లు ఎటు వంచాలో అటు వంచి, చూడముచ్చటగా తిరగడం వచ్చేసింది. చూసేవాళ్లే లేరు.

నేను తొమ్మిదిలో ఉండగా మా డ్రిల్లు సారు ఒక కబురు తెచ్చాడు. హైదరాబాదులో స్కేటింగుకి పిల్లల్ని ఎంపిక చేస్తున్నారు, తీసుకున్నవాళ్లని అక్కడే హాస్టల్లో ఉంచి నేర్పిస్తారు అని. నాన్న రెండు రోజులు ఆలోచించి, సెలెక్టయితే చేర్పిస్తాననీ, కాకపోతే బూట్లు అటకెక్కించి టెన్త్ చదువుకోవాలనీ తేల్చాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను మర్నాడే పెట్టె సర్దుకున్నాను. నాకు మెడళ్ల మీద అంత ఆశ లేదు. నాలాంటి పిచ్చే ఉన్న ఆడపిల్లలు వరసగా మంచాలేసుకుని పడుకునే ఒక గది కావాలి. ఆ గదిలో కిటికీ పక్క మంచం నాది అని కూడా అనుకున్నాను.

హైదరాబాదులో ఆ నేల అద్దంలా ఉంది. మోకాళ్లకి మెత్తలు కట్టుకున్న పిల్లలు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు. నా వంతు వచ్చింది. గుండ్రంగా తిరగమంటే కోడిగుడ్డులా తిరిగాను. బిగబట్టిన చోట ఆగిపోతున్నాను, తోసిన చోట దూసుకుపోతున్నాను. ఒంటికాలి మీద తిరగబోయి పడ్డాను. చైనా అమ్మాయిని తలుచుకుని లేచాను. మళ్లీ అదే పక్కకి పడ్డాను. మూడోసారి లేచేటప్పుడు ఆమె గుర్తు రాలేదు. బూట్లని తిట్టుకున్నాను.

ఎంపిక చేసే మేడమ్ నన్నూ నాన్ననీ పక్కకి పిలిచింది. ఎక్కడ నేర్చుకున్నానని అడిగితే మిల్లు కళ్లం మీద అని చెప్పాను.

"ఆ నేల ఒక దిక్కుకు వాలుంటదా?"

నేను లేదన్నాను. నాన్న అదే క్షణంలో ఉంటుందన్నాడు.

"వాన నీళ్లు పోవాలి కదండీ" అన్నాడు మెల్లగా. అని, నా బూట్ల వైపు చూశాడు.

ఆమె మంచిమనిషి. నా కాళ్లలో తప్పు లేదనీ, అవి ఆ వాలుకి అలవాటు పడ్డాయనీ, చదును నేల మీద రోజూ చేస్తే ఏడాదిలో సర్దుకుంటాయనీ చెప్పింది. మీ దగ్గర చదును నేల ఉందా అని నాన్నని అడిగింది. నాన్న వంగి నా బూట్ల పట్టీలు విప్పాడు. అవతల, తీసుకున్న పిల్లలకి హాస్టల్ గదులు చూపించడానికి తీసుకెళుతున్నారు.

బస్సు సూర్యాపేట దాటింది. అప్పుడు నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నాకు తట్టలేదమ్మా. నేను చక్రాలే చూశాను."

మర్నాడు సాయంత్రం బూట్లు వేసుకోకుండా కళ్లం మీదికి వెళ్లి, మధ్యలో ఒక చెంబు నీళ్లు గుమ్మరించాను. దారి తెలిసినట్టు నేరుగా గోడ పక్క కాలువలోకి పోయాయి. అప్పటిదాకా నాకు చదునుగా ఉన్న కళ్లం ఆ రోజు నుంచి వాలిపోయింది. ఉత్త కాళ్లతో నడిచినా తెలిసేది. చైనా అమ్మాయిని పిలిచి చూశాను, రాలేదు. వచ్చిందల్లా నేను మరిచిపోయిన ఒక సంగతి. టీవీలో ఆట అయిపోయాక ఒక పెద్దావిడ ఆ అమ్మాయి భుజాల మీద కోటు కప్పి, చెవిలో ఏదో చెప్పింది. ఆ రోజు నేను ఎర్ర గౌనే చూశాను. అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అంతకు ముందు కూడా ఒంటరిదాన్నే, కాకపోతే అప్పటిదాకా ఇంతగా తెలియలేదు.

వానలు మొదలయ్యే ముందు నాన్న డ్యూటీ దిగాక ఇంటి వెనక రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు. యజమానిని అడిగి మిగిలిన సిమెంటు తెచ్చాడు, మేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చాడు. నడుం పట్టేస్తుందని అమ్మ గొడవ చేసినా వినలేదు. వేసిన సిమెంటు నేల ఆరాక నన్ను పిలిచి, ప్రతి మూలా రసమట్టం పెట్టి, గాజు గొట్టంలో బుడగ సరిగ్గా నడిమధ్యన ఆగడం చూపించాడు. రెండు మంచాలు పట్టేంత నేల అది.

బూట్లు వేసుకుని నిలబడ్డాను. అవి ఎటూ లాగలేదు. ఒక్క తోపు తోశాను, అంచు వచ్చేసింది. వెనక్కి తిరిగి ఇంకో తోపు తోశాను, మళ్లీ అంచు. నాన్న గుమ్మంలో నిలబడి, బాగుందా అని అడిగాడు. బాగుంది నాన్నా అన్నాను.

కొన్నాళ్లకి బూట్లు అటకెక్కాయి. ఎక్కించమని ఆయన అనలేదు, నేనే ఎక్కించాను. అమ్మ ఆ నేల మీద వడియాలు పెట్టుకుంది.

ఆ ఏడు మొదటి పెద్ద వాన వెలిసేసరికి కళ్లం మీద చుక్క లేదు, అంతా గోడ పక్కకి పోయింది. ఇంటి వెనక నాన్న వేసిన నేల మీద మాత్రం నీళ్లు ఎటూ పోకుండా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే తీరుగా నిలిచాయి. చెప్పులు విడిచి వాటి మధ్యకి వెళ్లి నిలబడ్డాను. నాన్న నిజంగానే చదునుగా వేశాడు. పిలిచి చూపిద్దామనుకున్నాను గానీ, నీళ్లు కదులుతాయని అలాగే నిలబడ్డాను.