పెట్టుడు చీర కట్టుకున్న రోజు

మా అమ్మ బీరువాలో చీరలు రెండు రకాలు. పై అరలో ఉన్నవి కట్టుకునేవి, కింది అరలో ఉన్నవి పెట్టేవి. పెళ్లికో, ఇల్లు పూజకో పోతే ఎవరో ఒకరు బొట్టు పెట్టి చేతిలో పెట్టే చీరలన్నీ ఆ కింది అరకు చేరతాయి. మళ్లీ ఎవరింట్లోనో ఫంక్షన్ పడగానే అక్కడి నుంచి బయల్దేరతాయి. వాటిని ఎవరూ కట్టుకోరు. కట్టుకుంటారని వాటిని నేసినవాళ్లు కూడా అనుకుని ఉండరు. నాకు భూపాలపల్లిలో ఆఫీసు ఉద్యోగం వచ్చినప్పుడు అలాంటి ఒక చీర మడత విప్పించడానికి ఇంట్లో పెద్ద పంచాయితీయే జరిగింది.

దానికి కారణం ఆ ఆఫీసు అటెండరు. సర్టిఫికెట్లు చూపించడానికి మొదటిసారి పోయిన రోజు నేను పంజాబీ డ్రెస్సు వేసుకుని, వీపుకు బ్యాగు తగిలించుకుని పోయాను. అసలే పొట్టిదాన్ని. ఆయన గుమ్మం దగ్గరే ఆపి కులం సర్టిఫికెట్టా, ఆదాయం సర్టిఫికెట్టా అని అడిగాడు. నౌకరి కోసం వచ్చానంటే, ఎవరికొచ్చిందో వాళ్లనే రమ్మనమన్నాడు. ఆర్డరు చూపిస్తే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, పోయి లైన్‌లో నిలబడమన్నాడు. నిలబడ్డాను కూడా. చాలాసేపటికి గానీ అది పింఛన్ల లైనని తెలియలేదు. పాపం, ముందున్న అవ్వలు జరిగి నాకు నీడలో చోటిచ్చారు.

బస్సులో ఇంటికొస్తూ గట్టిగా అనుకున్నాను. జాయినయ్యే రోజు నన్ను చూడగానే ఈమె కౌంటరుకు లోపలి మనిషి అని తెలిసిపోవాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంటిల్లిపాదీ కౌంటరుకు బయటే నిలబడ్డాం. రేపు రా అంటే రేపు, ఎల్లుండి రా అంటే ఎల్లుండి పోయాం. ఒక్కసారి లోపల కూర్చోవాలని నాకు ఎంత కోరికో చెప్పలేను.

ఏం వేసుకోవాలో చెప్పడానికి మా ఊరు మానుకోటలో మా వాడకట్టంతా సిద్ధమైంది. మా బాపు బ్యాంకుకు పోయేటప్పుడు మాత్రం అంగీని ప్యాంటులోకి దోపుకుంటాడు, పని కాగానే మెట్ల మీదే బయటికి లాగేస్తాడు. ఆఫీసుల్లో మర్యాదంతా ఆ దోపుకోవడంలోనే ఉందని ఆయన నమ్మకం. ఏదైనా వేసుకో గానీ దోపుకో అన్నాడు. చున్నీని ఎట్లా దోపుకోవాలో మాత్రం చెప్పలేదు. పక్కింటి అక్క కళ్లజోడు పెట్టుకోమంది. నా కళ్లు బాగానే ఉన్నాయి కదా అంటే, అద్దాల్లో పవరు లేకుండా కూడా ఇస్తారంది. అమ్మ తన పట్టుచీర తీసి కట్టింది. అద్దంలో చూస్తే ఓణీల ఫంక్షన్‌లో కుర్చీలో కూర్చోబెట్టిన పిల్ల కనిపించింది. ఒళ్లో అక్షింతలు ఒక్కటే తక్కువ.

అప్పుడు నా కన్ను కింది అర మీద పడింది. నీలం చీర, చిన్న తెల్ల చుక్కలు, సన్నని అంచు. ఆఫీసుల్లో పెద్ద మేడమ్‌లు కట్టుకునే చీర అచ్చం ఇట్లాగే ఉంటుంది. జనగామలో చుట్టాల ఇంట్లో ఏదో ఫంక్షన్‌కు పోతే అమ్మకు పెట్టారు. అమ్మ దాన్ని వచ్చే నెల గూడూరు పిన్ని ఇల్లు పూజలో పెట్టడానికి ఉంచింది. అడగగానే బీరువా తలుపు మూసింది.

"అది కట్టేటిది కాదు బిడ్డా, పెట్టేటిది."

చీర చీరే కదా అని వాదించాను. అలిగాను. అన్నం మానేశాను, అంటే ఇంట్లో మానేసి పక్కింటి అక్క దగ్గర తిన్నాను. చివరికి అమ్మ ఒప్పుకుంది గానీ ఆమె పెట్టిన షరతులు వింటే ఉద్యోగమే సులువు అనిపించింది. ఫాల్ కుట్టొద్దు. పిన్నీసు గుచ్చొద్దు. కొంగు మూలనున్న కంపెనీ స్టిక్కరు పీకొద్దు. సాయంత్రం రాగానే అవే మడతల మీద మడిచి కవరులో పెట్టాలి, గూడూరుకు అది కొత్త చీరగానే చేరాలి. ఇంకొకటి, చెమట పట్టొద్దు. జూన్ నెలలో, భూపాలపల్లిలో.

భూపాలపల్లిలో అద్దెకు తీసుకున్న గదిలో నన్ను దిగబెట్టడానికని అమ్మ నా వెంట వచ్చింది. నా కోసం వచ్చిందో చీర కోసం వచ్చిందో ఇప్పటికీ తెలియదు. పొద్దున్నే తనే కట్టి, కుచ్చిళ్లు సర్ది, కొంగు నా చేతికిచ్చి, జారకుండా పట్టుకునే ఉండమంది.

ఫాల్ లేని కొత్త చీర కాళ్ల దగ్గర ఆగదు. నేనొక అడుగు వేస్తే కుచ్చిళ్లు రెండడుగులు ముందుకు పోతున్నాయి. పైగా ఒకటే చప్పుడు. అయినా గుమ్మం దగ్గర అటెండరు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా కడుపు నిండిపోయింది. నమస్తే పెట్టి, పెళ్లి కార్డులు పంచడానికి వచ్చారా మేడం, సారు మీటింగ్‌లో ఉన్నాడు, బల్ల మీద పెట్టి పోండి అన్నాడు.

ఎట్లాగో లోపలికి పోయి జాయినయ్యాను. కిటికీ పక్కనే సీటు ఇచ్చారు. కూర్చున్న కాసేపటికి కరెంటు పోయింది. చెమట పట్టొద్దన్న మాట నాకు గుర్తుంది, చెమటకు తెలియదు. సంతకం పెట్టబోతే కాగితం మీద నీలం మరక పడింది. బొటనవేలు నీలంగా ఉంది. చీర రంగు వదులుతోంది. కంగారులో వేలిని ఆ కొంగుకే తుడుచుకున్నాను, మిగతా వేళ్లూ నీలమయ్యాయి. మధ్యాహ్నానికి ఫైళ్ల మీద, నీళ్ల గ్లాసు మీద, నా చెంప మీద కూడా నా వేలిముద్రలే. స్టాంపు ప్యాడు ఎవరు తెరిచి పెట్టారని లోపలి నుంచి ఎవరో కోప్పడ్డారు. నేను చేతులు బల్ల కింద పెట్టుకున్నాను.

మా సెక్షన్‌కు పెద్ద ఒక మేడం. ఆమెది జనగామ. నాకు పని చెబుతూ చెబుతూ నా చీర అంచు దగ్గర ఆగిపోయింది. అంచులో ఒకచోట ఎర్ర పోగు ఒకటి దారి తప్పి అడ్డంగా పోయింది. అది నేను అప్పుడే చూశాను. చీర ఎక్కడ కొన్నావని అడిగింది. హన్మకొండలో అని తడుముకోకుండా చెప్పాను. ఆమె వంగి కొంగు మూల తిప్పింది. అక్కడ స్టిక్కరు, దాని పక్కన వరుసగా పసుపు చుక్కలు. మా దిక్కు కొత్త బట్ట ఎవరికి పెట్టినా, ముందు మూలకు పసుపు అద్ది పెడతారు. ఆ చుక్కలను చూస్తే చీర ఎన్ని ఇళ్లు తిరిగిందో తెలుస్తుంది.

మేడం ఒక చుక్క మీద వేలు పెట్టింది. "గీ రెండోది నాది" అంది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా మొహం చూసి ఆమెకు నవ్వాగలేదు. తను కూడా కొనలేదట, ఎవరో పెడితే, ఆ ఎర్ర పోగు చూసి ఇంకొకరికి పెట్టిందట. ఇన్నాళ్లకు దీన్ని కట్టుకున్న మనిషిని చూశానని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సెక్షనంతా వచ్చి చుక్కలు చూసి పోయారు. లోపలి మనిషి అనిపించుకోవాలని వస్తే, మొదటి రోజే బొమ్మనయ్యాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

తిండి వేళ దాటాక చిట్యాల దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ కిటికీలోంచి కాగితం చాచింది. సారు లేడా బిడ్డా అంది. నేనే అన్నాను. నమ్మలేదు. కాగితం మీద ఆమె వేలిముద్ర వేయాలి, నా ముందు వేసిందని నేను కింద సంతకం పెట్టాలి. ప్యాడు తెరిచి ఆమె వేలు పట్టుకున్నాను. ఆమె నా వేలు చూసింది, తన వేలు చూసుకుంది.

"నువ్వు గూడ ఏలుముద్రేనా బిడ్డా? మరి నౌకరెట్లిచ్చిండ్రు?"

సెక్షనంతా ఘొల్లున నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను. ముద్ర వేయించి, దాని కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. ఉద్యోగంలో ఒకరి పని కోసం నేను పెట్టిన మొదటి సంతకం అది. అవ్వ కలం పోయిన దారంతా చూసి, రాయొస్తది పో అని ఊపిరి పీల్చుకుంది. తర్వాత వేలు తుడుచుకోవడానికి గోడ వైపు చూసింది. గోడ మీద అప్పటికే బోలెడు వేళ్ల గుర్తులున్నాయి. అందుకని కిటికీలోంచి చేయి లోపలికి పెట్టి, నా కొంగు లాక్కుని, సొంత బిడ్డ కొంగయినట్టు మంచిగా తుడుచుకుంది. పిన్నీసు లేదు కదా, కొంగుతో పాటు నేనూ కిటికీ దాకా పోయాను.

మేడం సొరుగు తెరిచి ఒక పిన్నీసు తీసింది. నా భుజం మీద కొంగు సర్ది గుచ్చేసింది. "ఇగ దీన్ని ఎవ్వలకు పెట్టరాదు. నీదే" అంది.

బయట అటెండరు అవ్వను పనైందా అని అడగడం వినిపించింది. గా నీలి చీర మేడం చేసిందని చెప్పింది అవ్వ. కాసేపటికి ఆయన లైనులో వాళ్లందరినీ నీలి చీర మేడం దగ్గరికే పంపడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా నేను తల ఎత్తలేదు.

గది దగ్గర అమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. ముందు చీర చూసింది, తర్వాత నన్ను చూసింది. పిన్నీసు, మరకలు, కొంగు మీద అవ్వ వేలు, అన్నీ కనిపించాయి. ఇప్పుడు గూడూరుకు ఏం పెట్టాలె అని తల పట్టుకుంది. మళ్లీ తల ఎత్తి, లోపటికైతే రానిచ్చిండ్రా అని అడిగింది. జరిగిందంతా చెప్పాను. లేచి పోయి, గిన్నెలో పసుపు తడిపి తెచ్చింది. కొంగు మూల తిప్పి, స్టిక్కరు పీకేసి, ఆ చుక్కల వరుస చివర ఇంకొక చుక్క పెట్టింది.

చీర ఇప్పటికే పాడైంది, ఇప్పుడు పసుపెందుకమ్మా అన్నాను.

"కట్టుకునే బట్టకు పెట్టకుంటె ఎట్ల" అంది.