రేకుల మీద చౌడు

మా అమ్మకు వానంటే భయం. ఉరుముకో మెరుపుకో కాదు, మిద్దెకు. ఆమె తమ్ముడు చిన్నప్పుడే ముసురులో మట్టిమిద్దె కూలి, దాని కింద పడి చనిపోయాడు. అందుకే ఆళ్లగడ్డలో మబ్బు పట్టిందంటే చాలు, చాప చంకన పెట్టుకుని మమ్మల్ని చర్చి వసారాలోకి తోలేది. "మబ్బు మీ యమ్మకు ముందే జాబు రాస్తాదేమో" అని వీధిలో ఎగతాళి చేసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అమ్మ మీదనో వాళ్ల మీదనో తెలిసేది కాదు.

నాయన ఆళ్లగడ్డ-నంద్యాల బస్సు డ్రైవరు. డెబ్బైల చివర్లో ఒకరోజు అన్నం తింటూ, "బస్సు దినామూ గుంతల్లో ఎగిరెగిరి పడతాది. టాపు ఎప్పుడన్నా మన నెత్తిన పడిందా? ఇంటికీ అట్లనే ఇనుప చట్రం పెడదాం" అన్నాడు. మా జేజి, అంటే నాయన తల్లి, "బరువు లేనిది ఇల్లెట్లయితాదిరా" అంది. అమ్మ నాయనకు ఇంకో గరిటె పప్పు వేసింది. ఆమె ఒప్పుకోలు అంతే.

నంద్యాల నుంచి వెల్డింగు మేస్త్రీ, ఒక సాయిబు, ట్రస్సులు అక్కడే అతికి లారీలో తెచ్చాడు. పునాది కాంక్రీటులో ముందే పాతిన బోల్టులకు ఇనుప స్తంభాలు నిలబెట్టి నట్లు బిగించాడు. వాటి మీద ట్రస్సులు, అంటే మూడు మూలల చట్రాలు. ట్రస్సుకూ ట్రస్సుకూ మధ్య పర్లిన్లనే అడ్డకమ్మీలు. ఆ పైన జింకు రేకులు, కొక్కెం బోల్టులతో. గోడలకు పలచటి నాపరాళ్లు నిలబెట్టారు. చివరి స్తంభాల నడుమ రెండు కమ్మీలు ఐమూలగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంటే జేజి, "ఇవెందుకు, గుడ్డలారేసుకునేకా?" అంది.

"గాలికి ఇల్లు పక్కకు వొరగకుండా, జేజీ" అన్నాడు మేస్త్రీ.

అమ్మ పొయ్యి మీది కూర కూడా మరిచిపోయి ఆయన వెంటే తిరిగింది.

"రేకు బరువు ఎవురు మోస్తారన్నా?"

"పర్లిన్ మోస్తాదమ్మా."

"పర్లిన్‌ను?"

"ట్రస్సు. దాన్ని స్తంభం. స్తంభాన్ని భూమి."

"పైకెక్కాల్సొస్తే?"

"బోల్టుల వరస మీదనే అడుగెయ్. కింద కమ్మీ ఉంటాది. వేరే తావున తొక్కితే రేకు వంగుతాది."

అమ్మ ఆదివారం వాక్యం కంఠతా పట్టినట్టు పెదాలు కదిపింది.

ఎండాకాలం వచ్చేసరికి ఆ రేకుల కింద ఉడికిపోయాం. మా వైపు ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడు పోస్తారు. ఆ ఉప్పుమన్ను నీళ్లు దిగనీయదు, ఇల్లూ చల్లగా ఉంటుంది. కాకపోతే పోయినేటిది తీయకుండానే దాని మీద ఈ ఏటిది పోస్తారు, మిద్దె బరువు ఏటేటా పెరుగుతూ పోతుంది. అమ్మ మా పిన్ని కాన్పుకని బనగానపల్లెకు పోయినప్పుడు జేజి కూలీలను పిలిచి, చౌడులో గడ్డి కలిపి తొక్కించి, మా రేకుల మీద మందంగా పరిపించేసింది. రేకులకు వాలు తక్కువ కాబట్టి మట్టి చక్కగా నిలిచింది. నిజం చెప్పొద్దూ, ఇల్లు చల్లబడింది కూడా.

అమ్మ తిరిగొచ్చిన మధ్యాహ్నం నంద్యాల దిక్కున మబ్బు కమ్ముతోంది. గడప దాటి తలెత్తి చూసింది. నడిమి పర్లిన్ కిందికి వంగి ఉంది. సంచి అక్కడే పడేసి, పార తీసుకుని నిచ్చెన ఎక్కింది.

"ఏం చేస్తాండావే?" అని జేజి కేకేసింది. "మన్ను లేని మిద్దె యాడన్నా ఉందా?"

"ఆ మన్నే అత్తా నా తమ్మున్ని తినింది."

అమ్మ అంచున మట్టి గీకింది. బోల్టు తల కనబడింది. దాని మీద అడుగు వేసి, ఇంకో బోల్టు దొరికేదాకా ముందుకు గీకింది. మబ్బును చూస్తే పారిపోయే మనిషి ఆ మబ్బు కిందనే ఇంటి నెత్తిన నిలబడింది. నాకు భయంతో ఏడుపొచ్చింది. మా అమ్మ అని గర్వంగానూ ఉండింది. కాసేపటికి జేజి కింద పడిన మట్టిని గంపకెత్తడం మొదలుపెట్టింది.

మట్టంతా కిందికి తోసి అమ్మ దిగిన కాసేపటికే వాన అందుకుంది. రేకుల మోతకు పక్కనున్న మనిషి మాట వినబడలేదు. చర్చికి పోవాలి కదా అని నేను చాప తీసి అందించాను. అమ్మ దాన్ని ఆ వంగిన పర్లిన్ కిందనే పరుచుకుని, మట్టికాళ్లతోనే పడుకుంది. పట్టపగలు, అంత వానలో, గురక పెట్టి నిద్రపోయింది.

ఎనభైలలో అందరిలాగే మేమూ నంద్యాలలో స్లాబు ఇల్లు కట్టుకున్నాం. మొదటి వానకు అమ్మ చాప చుట్టుకుని వచ్చి వాకిలి దగ్గర కూర్చుంది.

"ఏందీ, ఈడ కూచున్నావ్?" అన్నాడు నాయన.

"సప్పుడే లేదు. వాన ఎంత పడతాందో తెలీకుంటే నిద్రెట్ల పడతాది? మా తమ్ముడు పోయిన పొద్దు మిద్దె గూడా ఇట్లనే గమ్మునుండి పడింది."

నాయన మర్నాడు ఆళ్లగడ్డ ఇంటి రేకొకటి బస్సు టాపు మీద వేసుకొచ్చాడు. ఆమె పడుకునే గది కిటికీ పైన, రెండు ఇనుప ముక్కలకు బోల్టులతో బిగించాడు. జల్లు ఆపడానికని ఇరుగుపొరుగు అనుకున్నారు. ఆ సాయంత్రమే వాన వచ్చి రేకు మీద మోగింది. అమ్మ కాసేపు విని, చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది.