మగ్గం చప్పుడు

ఆడవాళ్ల భద్రత మీద సర్వే కోసం బండారులంక వెళ్లాను. చీరలు నేసే సత్యవతిని, "మీ ఆయన చెయ్యి చేసుకుంటే ఎవరికి చెబుతారు?" అని అడిగాను. జవాబు చెప్పడానికి ఆమె మగ్గం ఆపింది. అంతే, పక్కిళ్ల ఆడవాళ్లు ముగ్గురు గుమ్మంలోకి దూసుకొచ్చారు. ఒకావిడ చేతిలో పప్పుగుత్తి.

"మగ్గం చప్పుడాగిందేంటే సత్యా? మళ్లీ కొడుతున్నాడేమోనని పరిగెత్తుకొచ్చేం!"

"ఆయన ఇంట్లో లేరొదినా. ఈ మేడంగారు ఏవో ప్రశ్నలడుగుతున్నారు."

నా ఫారంలో పోలీస్ స్టేషనుంది, హెల్ప్‌లైనుంది. వదినకు గడి లేదు. అయినా నేను ఊరుకునే రకం కాదు. "మగ్గమే లేకపోతే?" అన్నాను.

"అమ్మేస్తానంటన్నారండి ఆయన," అంటూ సత్యవతి మళ్లీ నేత మొదలుపెట్టింది.

సందు చివరిదాకా ఆ చప్పుడు వింటూ నడిచాను. మలుపు తిరిగాక వినిపించలేదు. దూరమైందో, ఆగిందో తేలక వెనక్కి నడిచాను.