వరుసలో నాటిన ముల్లుగర్రలు

ఆయన తిన్నాడు. ఆ మాట ముందే చెప్పేస్తే, తర్వాత నేను ఆయన్ని పొగిడినా ఎవరూ నన్ను తప్పు పట్టరు. రోడ్లు తిన్నాడు, కల్వర్టులు తిన్నాడు, మొదటి వానకే నడుం విరిగిన వంతెనను బామ్మర్దితో కలిసి పంచుకు తిన్నాడు. మా బాపు చెరుకును నిలువునా ఎండబెట్టాడు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయన మాటెత్తితే నా ఒళ్లు జలదరిస్తుంది. అది భయం కాదు, కోపం ఒక్కటే కూడా కాదు. అంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నేను చెప్పేది బోధన్‌లోని పెద్ద చక్కెర ఫ్యాక్టరీ సంగతి కాదు. మంజీర వైపు చిన్నదొకటి ఉండేది, ఇప్పుడు లేదు. కార్తీకం నుంచి ఉగాది దాకా దాని పొగగొట్టం ఆరేది కాదు. తలుపు తీస్తే మడ్డి వాసన, దారి పట్టుకుంటే చెరుకు బండ్లు. గేటు దగ్గర మొదలైన బండ్ల బారు ఊరు దాటి పోయేది. తూకం వేసే కాంట మీదికి ఎక్కే వంతు రావడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. అంతసేపు ఎడ్లను కాడి కింద నిలబెట్టడానికి ఏ రైతుకు మనసొప్పుతుంది? అందుకని మావాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. బండి తెచ్చినవాడు ఎడ్లను తోలే తన ముల్లుగర్రను గేటు పక్కన మట్టిలో నాటేవాడు. దాని వెనక, తర్వాత వచ్చినవాడి కర్ర. ఆ తర్వాత బండి ఎక్కడైనా విప్పుకోవచ్చు. ఎడ్లకు చెరుకాకు వేసుకోవచ్చు, జొన్నరొట్టెలు కాల్చుకోవచ్చు, బండి నీడన గొంగడి పరుచుకుని నిద్రపోవచ్చు. మనిషికి బదులు కర్ర నిలబడి ఉండేది. నాటిన కర్రను కదిపినవాడికి పిల్లనివ్వరని అనుకునేవారు. నిజమో కాదో గానీ, ఎవరైనా కదపగా నేను చూడలేదు.

ఆంధ్ర, తెలంగాణ ఒక్కటైన ఏడాది నేను మూడో తరగతి. బడికి సెలవైతే బాపు నన్ను చెరుకు మోపుల మీద కూర్చోబెట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకుపోయేవాడు. ఆయన్ని మొదటిసారి చూసింది అక్కడే. బక్కపలచటి మనిషి, మోకాళ్ల దాకా ధోతి, మూతి మీద అప్పుడప్పుడే నల్లబడుతున్న మీసం. వడ్లాయన కొడుకు, అంటే వడ్రంగి బిడ్డ. మా వైపు సగం బండ్లు, వాటి ముల్లుగర్రలు ఆయన తండ్రి చేతి పనే.

ఆ రోజు మధ్యాహ్నం ఎక్కడి నుంచో తప్పించుకున్న దున్నపోతు ఒకటి వచ్చి కర్రల వరుస మీద పడింది. తొక్కుకుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది. కర్రలన్నీ కిందపడి కలగలిసిపోయాయి. నిద్రలో ఉన్నవాళ్లు కూడా లేచి ఉరికొచ్చారు. నాది ముందంటే నాది ముందని అరుపులు. అందరికంటే పెద్ద గొంతు మా బాపుదే. ఇక చేతులు లేవడమే తరువాయి.

"జరుగుండ్రి జరంత," అంటూ ఆ వడ్లాయన కొడుకు మధ్యలోకి వచ్చాడు. వంగి ఒక్కో కర్రా తీసి నాటడం మొదలుపెట్టాడు. "గిది సాలూర కాకది, గణుపు కాడ కాలిన మచ్చున్నది. దీనెన్క గిది, ఎడమసేతి వాటమోనిది, సూడుండ్రి పిడి అటు దిక్కే అరిగింది. గిది నీది అన్నా, నీ లగ్గానికి మా నాయిన చేసిచ్చిండు." ఆ చివరి మాట బాపుతో అన్నాడు. నలభైకి పైగా కర్రలు. ఒక్కటి కూడా తప్పలేదు. ఎవరిది ఏదన్నదే కాదు, ఎవరి వెనక ఎవరు వచ్చారన్నదీ తప్పలేదు. కొట్లాటకు వచ్చినవాళ్లంతా పాలేదో నీళ్లేదో తేల్చేసిన హంసను చూసినట్టు ఆయన్ని చూస్తూ నిలబడ్డారు. బాపు నా తల మీద చెయ్యి పెట్టి, "మనిషి కాదు బిడ్డా గీడు," అన్నాడు. నేనూ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

ఆ రోజు నుంచి కర్రల వరుసకు ఆయనే కాపలా అయ్యాడు. ఎవరూ పెట్టలేదు, జీతం లేదు. ఆయన ఉన్నాడంటే రైతు కంటినిండా నిద్రపోయేవాడు, అంతే. ఆ నిద్రే ఆయన్ని గెలిపించింది. సర్పంచ్ అయ్యాడు, సమితి ప్రెసిడెంట్ అయ్యాడు, ఎమ్మెల్యే అయ్యాడు, చివరికి హైదరాబాద్‌లో మంత్రి కుర్చీ ఎక్కాడు. గేటు దగ్గర ఆయన లేకపోయినా, అది ఆయన నిలబెట్టిన వరుసన్న నమ్మకంతో రైతులు అలాగే నిద్రపోయేవారు. నిజామాబాద్‌లో మీటింగ్ పెడితే నందిపేట్ పసుపు రైతులు, పోచంపాడ్ డ్యాం కూలీలు అందరూ వచ్చేవారు. వేదిక మీది నుంచి ఏ మూలనో ఉన్న ముసలాయన్ని తండ్రి పేరుతో సహా పిలిచేవాడు. ఒకసారి జీపు ఆపి, దారిన పోతున్న మా బాపును "అన్నా, నల్లెద్దు కాలు నయమైందా?" అని అడిగాడు. బాపు నెల రోజులు ఆ మాట చెప్పుకుంటూ తిరిగాడు. వంతెన కూలిందనీ, బామ్మర్దికే కాంట్రాక్టులనీ పేపర్లలో వస్తే, "ఎంత తిన్నా మనోడు. మన వరుస తప్పియ్యలే గద," అనేవాడు. నేను టీచరమ్మనై నిజామాబాద్‌లో కాపురం ఉంటూ, పేపరు చదివి పళ్లు కొరికేదాన్ని. అదే మనిషి మీటింగ్ ఉందంటే మాత్రం పిల్లల్ని వెంటేసుకుని మొదటి వరుసలో కూర్చునేదాన్ని.

ఒక ఏడాది ఆ బామ్మర్ది మా ఊరి సర్పంచ్ ఎన్నికల్లో నిలబడ్డాడు. బాపు నలుగురిలో, "వంతెన కూలగొట్టినోనికి ఊరెట్ల అప్పజెప్తం?" అన్నాడు. బామ్మర్ది ఓడిపోయాడు. ఆ సీజన్‌లో చెరుకు నరకడానికి ఫ్యాక్టరీ నుంచి రావలసిన పర్మిట్ మా ఊళ్లో అందరికీ వచ్చింది, బాపుకు రాలేదు. పర్మిట్ లేకుండా నరికితే ఆ చెరుకు ఎవరూ తీసుకోరు. పర్మిట్ల లిస్టు ముందు మంత్రి బంగళాకు పోయి వస్తుందని అప్పుడే మాకు తెలిసింది. శివరాత్రి దాటింది. చెరుకు పూతకొచ్చి బెండు పట్టసాగింది.

బాపును వెంటబెట్టుకుని నేనే బంగళాకు వెళ్లాను. మమ్మల్ని చూడగానే ఆయన ఎదురొచ్చి, బాపు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. చాయ్ తాగించాడు. నల్లెద్దు సంగతి అడిగాడు. అది చచ్చిపోయిందని బాపు చెబితే నిజంగానే బాధపడ్డాడు. తర్వాత అదే గొంతుతో, "అన్నా, గీసారి నువ్వు వరుసల లెవ్వు," అన్నాడు.

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "వరుసంటే ఏందో నిన్ను జూసే నేర్సుకున్నం తమ్మీ," అని మాత్రం అని లేచాడు. హోలీ వెళ్లాక తన చేను తనే కాల్చేశాడు. అవ్వ, అంటే మా అమ్మ, గట్టు మీద కూర్చుని, చావు ఇంట్లో ఏడ్చినట్టు ఏడ్చింది.

ఆ మరుసటి ఏడు అసెంబ్లీలో గొడవ లేచింది. మంత్రి పదవి ఊడింది, ఎంక్వైరీ పడింది. బాపుతో కలిపి, చుట్టుపక్కల ఊళ్లలో చెరుకు ఎండిన రైతులు పదిమంది సాక్ష్యం చెబుతామన్నారు. రోజు దగ్గరపడే కొద్దీ ఒక్కొక్కరే జారుకుని చివరికి బాపు ఒక్కడే మిగిలాడు. నేనూ వద్దన్నాను. సర్కారు నౌకరీ, ఏ అడవికి బదిలీ చేస్తారోనని నా భయం. పిరికిదాన్ని, ఒప్పుకుంటాను. "చెరుకు పోయింది బిడ్డా. మాటన్న ఉండనీ," అన్నాడు బాపు.

బోధన్‌లోని సర్కారు సత్రం, ముసాఫిర్‌ఖానాలో విచారణ. చూడటానికి ఊళ్లకు ఊళ్లే వచ్చాయి. లోపలికి కర్రలు తేకూడదని జవాను అంటే, రైతులంతా ముల్లుగర్రలను వరండాలో గోడకు ఆనించారు. బాపు జరిగింది జరిగినట్టు చెప్పాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆఫీసర్, ఎదురుగా కూర్చున్న మాజీ మంత్రి వైపు తిరిగి, ఏమంటారని అడిగాడు.

ఆయన బాపును కింది నుంచి పైదాకా చూశాడు. "ఈయనెవరో నాకు తెలియదు సార్. మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. ముఖం కూడా తెలియని మనిషి చెరుకు నేనెందుకు ఆపుతాను?" అన్నాడు. ఆయన వకీలు లేచి, మంత్రికి గిట్టనివాళ్లు డబ్బిచ్చి తెచ్చిన సాక్షి బాపు అన్నాడు. "నేను అబద్ధమాడుతలేను," అన్నాడు బాపు, పక్కనున్న నాకు కూడా సరిగా వినపడనంత చిన్నగా. అరవై ఏళ్ల మనిషి పదిమందిలో దొంగలా నిలబడ్డాడు. నాకైతే ఆ మంత్రిని చెప్పు తీసి కొట్టాలనిపించింది.

భోజనానికని విచారణ ఆపారు, మేం బయటికి వచ్చాం. ఆయనా మా వెనకే వచ్చాడు. పదవి పోయినా జనం ఆయన్ని చూడాలని తోసుకున్నారు. ఆ తోపులాటలో గోడకు ఆనించిన కర్రలన్నీ దడదడా ఆయన కాళ్ల మీద పడ్డాయి.

ఆయన వంగాడు. ఏమాత్రం ఆలోచించినట్టు లేదు. భుజం మీది శాలువ జారితే జారనిచ్చి, ఒక్కో కర్రా తీసి ఇవ్వసాగాడు. "ఇగో కాకా. ఇగో తమ్మీ, ఇది మీ నాయినది గద, నువ్వు వాడుతున్నవా? ఇగో." చూడకుండానే చేతులు చాపుతున్నాడు. ప్రతి కర్రా దాని మనిషి చేతికే పోతోంది. మధ్యలో ఒక కర్ర తీసి, కొనకున్న ఇనుప కట్టు మీద వేలు తిప్పి, నా పక్కకు చాపాడు.

"ఇగో అన్నా, నీది. పొన్ను వదులైంది, సూస్కో."

బాపు అందుకున్నాడు. గుమ్మంలో ఆఫీసర్ ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఈయనెవరో తెలియదన్నారే?" అన్నాడు.

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. బుకాయించవచ్చు, ఆయనకు అది కొత్త కాదు. కానీ ఆ క్షణాన నాకు మంత్రి కనిపించలేదు, దున్నపోతు తొక్కిన కర్రల మధ్య నిలబడ్డ వడ్లాయన కొడుకు కనిపించాడు. "కట్టె ఎర్కనే సార్," అన్నాడు. బాపు వైపు తలెత్తి, "మనిషీ ఎర్కనే," అని మెట్టు మీద కూర్చుండిపోయాడు.

బస్సులో బాపు కర్రను మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "సూసినవా బిడ్డా? ఇన్నేండ్లకు గూడ ఒక్కటి తప్పు పోలే," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చేను కాల్చుకున్నది మరిచిపోయావా అని అరిచాను. "మర్వలే. గది గదే, గిది గిదే," అన్నాడు.

తర్వాతి సీజన్‌లో బాపు పర్మిట్ అందరితో పాటే వచ్చింది. నాకు సెలవులు ఉండటంతో చిన్నప్పటిలా బండి మీద వెళ్లాను. బాపు గేటు పక్కన కర్ర నాటాడు. నాటి, బండి నీడకు పోలేదు. కర్ర పక్కనే ఎండలో గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. అప్పుడు చూశాను. ఆ వరుసంతా అంతే, ప్రతివాడూ తన కర్ర పట్టుకుని కూర్చున్నాడు. బండ్ల కింద నీడలన్నీ ఖాళీగా ఉన్నాయి.

"నువ్వు పోయి పండుకో బాపూ, నేను చూస్తుంటా," అన్నాను.

"ఎన్ని గుర్తుపడ్తవ్ బిడ్డా?" అన్నాడు.

వరుస మొత్తం పరికించి చూశాను. మాది ఒక్కటే గుర్తుపట్టగలిగాను.