మెట్టుగా వేసిన శాసనం

మొన్న మంగళవారం హిందూపురంలో, కూతురి ఇంట్లో, మా చరిత్ర అయ్యవారు కన్నుమూశారు. పెనుకొండ హైస్కూలులో ఆయన పక్క గదిలోనే నేను లెక్కలు చెప్పేవాణ్ణి. కార్డు అందగానే పేపరంతా వెతికాను. ఎవరో పెద్దమనిషి రిబ్బను కత్తిరిస్తున్న బొమ్మ ఉంది. ఈయన గురించి ఒక్క ముక్క లేదు. అందుకే ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను, మన్నించండి.

ఆయనది రొద్దం దగ్గర సేద్యపు కుటుంబం. మోకాళ్ళ కిందికి పంచె, చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క. పరీక్షకు రాజుల పేర్లు బట్టీపట్టే పిల్లలకు ఆయన రాజులు పంపిన మనుషుల కథ చెప్పేవారు. విజయనగరం నుంచి ఈ కోటకు వచ్చిన మండలేశ్వరులు, తర్వాతి సుబేదార్లు, మైసూరు ఖిల్లాదార్లు, దొరల కాలపు గవర్నర్లు.

"రాజు యాడో దూరంగా ఉంటాడప్పా. మన ఊరికొచ్చేది వాడు పంపినోడే. వాడు పోయినాక ఈడ ఏం మిగిలిందో అది చూడండి" అనేవారు.

బడి దారిలో ఒక శాసనం పడి ఉండేది. కరువు వచ్చిన ఏడు ఒక మండలేశ్వరుడు నేతగాళ్ళకు మగ్గం పన్ను తీసేసినట్టు దాని మీద చెక్కి ఉంది. ఏటా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి, రాయి కడిగించి, చదివించేవారు. ధర్మవరం నుంచి వచ్చి చదువుకునే నేతగాళ్ళ పిల్లలు ఆ పూట ఛాతీ విరుచుకుని తిరిగేవాళ్ళు.

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో గవర్నరు గారు మా ఊరికి వచ్చారు. గోడలకు సున్నాలు, వీధికి తోరణాలు. ఆ ఉదయం మేం వెళ్ళేసరికి వేదికకు మెట్టుగా ఆ శాసనాన్నే వేసి ఉన్నారు. అయ్యవారు గబగబా వెళ్ళి దాని మీద కూర్చున్నారు.

"లేవండి అయ్యవారూ, గవర్నరు గారు వచ్చే వేళయింది" అన్నాడు ఏర్పాట్లు చూస్తున్న అధికారి.

"ఇది గూడా ఒక గవర్నరు మాటే సార్. దీని మీద కాలు పెట్టమని ఈయనకెట్ల చెప్తారు? చూపిద్దాం, సంతోషపడ్తాడు."

"రాళ్ళ పాఠాలు బళ్ళో చెప్పుకోండి."

ఇద్దరు బంట్రోతులు ఆయన్ని చంకల్లో చేతులు వేసి లేపారు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. ఇస్త్రీ బట్టల్లో వరసగా నిలబడ్డ మా వైపు చూసి, "ఏమప్పా, నువ్వన్నా చెప్పు" అన్నారు నాతో. నేను నేల చూపులు చూశాను.

రాయి మీద ఎర్రగుడ్డ పరిచారు. కింద ఏముందో గవర్నరు గారికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఆయన దాని మీదుగా ఎక్కి, మన ప్రాచీన వైభవం గురించి చక్కగా మాట్లాడారు. మేం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

కొన్నాళ్ళకే అయ్యవారిని కన్నడ సరిహద్దులోని గుడిబండకు బదిలీ చేశారు. అతిథి మర్యాదకు భంగం కలిగించారట! ఎన్ని సైన్యాలు తొక్కినా చెడని ఆ అక్షరాలను, వేదిక ఊడదీశాక కూలీలతో పగలగొట్టించి కల్వర్టులో వేశారు. దానికి మాత్రం ఎవరికీ సంజాయిషీ నోటీసు రాలేదు.

బస్సు పైకి పరుపుచుట్ట ఎక్కిస్తూ ఆయన, "పోనీలేప్పా. ఆడ గూడా రాళ్ళుంటాయి" అన్నారు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

రెండేళ్ళ తర్వాత క్షమాపణ అడగాలని గుడిబండ వెళ్ళాను. ఆ మాట నోరు దాటేలోపే నన్ను చెరువు కింద ఒక చేను గట్టుకు తీసుకెళ్ళారు. అక్కడ ఇంకో శాసనం. వేరుశనగ పీకుతున్న ఒకామె దగ్గరికొచ్చి, "ఏం రాసుండాది సామీ?" అంది.

అయ్యవారు కొంత కన్నడంలో, కొంత తెలుగులో చెప్పారు: ఈ చెరువు గండి పూడ్చినవాళ్ళ పొలాలకు శిస్తు లేదని ఒక పాలకుడు మాటిచ్చాడు.

"మా మామ పూడ్చినాడు, నా మొగుడూ పూడ్చినాడు. మరి మాకాడ ఎందుకు వసూలు చేస్తాండారు? ఎవర్ని అడగల్ల?"

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. నా వైపు చూశారు.

ఆమె చేతిలోని వేరుశనగ కట్టను పక్కన పెట్టి రాయి ముందు కూర్చుంది. మట్టి వేలు మొదటి అక్షరం మీద ఆనించి, "మల్లా చదువు సామీ, నిదానంగా" అంది.

అయ్యవారు ఆమె పక్కనే గొంతుకూర్చున్నారు.