ఖర్జూరాల రేవు, అత్తమ్మ ఓడ

ఒక రంజాన్ సీజన్, సగం ధరకు వదిలించుకున్న కంటైనర్ నిండా ఖర్జూరం, ఎక్కకుండానే మురిగిపోయిన రెండు ఓడ పడకల టికెట్లు, సముద్రం మీద చలి ఉంటుందని ఎవరో చెబితే మా అత్తమ్మ ఉక్కపోతలో కూర్చుని అల్లుకున్న ఊదారంగు స్వెటరు: ఆ యేడు పోయినవన్నీ కూడితే ఇవీ. స్వెటరు బీరువాలోనే ఉంది కానీ, హైదరాబాదు చలికి ఎన్నడూ బయటికి రాలేదు కనుక దాన్నీ పోయినవాటిలోనే వేసుకుంటాను. మొన్న హుస్సేనీ ఆలంలోని ఇంట్లో అత్తమ్మ తన ఫోన్‌లో విశాఖ నుంచి బయలుదేరే విలాస నౌక ప్రకటన ఒకటి నా ముఖం ముందు పెట్టిన దగ్గర్నుంచీ ఈ కూడిక నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

అత్తమ్మ అంటే మా మేనమామ భార్య. మామకు బేగంబజార్‌లో ఎండుపళ్ల టోకు దుకాణం ఉండేది. చదువు మధ్యలో ఆపేసిన నేను కిరాయిలూ తూకాలూ లెక్కకట్టడం అక్కడే సొంతంగా నేర్చుకున్నాను. మా బేరాల్లో ఓడ కిరాయి అమ్మినవాడిది, రేవు నుంచి దుకాణం దాకా లారీ కిరాయి మాది. అందుకే సముద్రమనేది మా లెక్కల్లోకే వచ్చేది కాదు. ఆ యేడు గల్ఫ్ ఖర్జూరం ఏ రేవులో దించుకోవాలో తేల్చడానికి మామ పాత అట్లాసు ఒకటి తెరిచి, పొట్లాలు కట్టే దారంతో హైదరాబాదు నుంచి బొంబాయికి ఒకసారి, విశాఖకు ఒకసారి కొలిచాడు. విశాఖ దారం కొంచెం పొట్టిగా వచ్చింది. పైగా అండమాన్‌కు మనుషుల్ని తీసుకెళ్లే ఓడ అక్కడి నుంచే కదులుతుంది, అత్తమ్మకేమో పెళ్లయిన నాటి నుంచి ఓడెక్కాలని కోరిక. సరుకు దించుకుని లారీకెత్తించి, అదే రేవులో ఆమెతో ఓడెక్కితే ఒక్క ప్రయాణంలో రెండు పనులవుతాయని మామ పొంగిపోయాడు. బొంబాయి రేవుకే అలవాటుపడిన బజారంతా నవ్వినా వినలేదు.

గల్ఫ్ నుంచి వచ్చే ఓడకు బొంబాయి వీధి గుమ్మం లాంటిది. సరుకు విశాఖకు రావాలంటే దేశం కొసదాకా దిగి, కొలంబోలో మరో ఓడలోకి మారి, లంకను చుట్టుకుని పెరటి దారిన రావాలి. ఆ చుట్టు మా దారానికి అందలేదు.

లెక్క చూసుకోవడానికి నన్నూ విశాఖకు వెంటబెట్టుకుని వెళ్లారు. రోజూ పొద్దున్నే ఓడ ఏజెంటు దగ్గరికి వెళ్లడం, సరుకు ఇంకా రాలేదని విని తిరిగి రావడం, లాడ్జి వరండాలో ముగ్గురం అటూ ఇటూ తిరగడం. రంజాన్ సగం గడిచిపోయింది.

"ఏందయ్యా, మన ఖర్జూరాలు కాశీకి గిట్ల పోయొస్తున్నయా?" అంది అత్తమ్మ.

"రేపొస్తదే, ఫికర్ చెయ్యకు," అన్నాడు మామ.

"రేపొస్తే మన ఓడ ఎల్లుండిదాకా ఆగుతదా? ఎనకాల ఈదుకుంట పోవాల్నా?"

సరుకు వదిలి మామ కదల్లేడు, ఒక్కతినే పొమ్మంటే ఆమె పోనంది. మర్నాడు అండమాన్ ఓడ ఆమె చూస్తుండగానే కదిలిపోయింది. మామ మాత్రం సముద్రానికి వీపు తిప్పి, లారీ డ్రైవరుతో అవసరం లేని మాటలేవో మాట్లాడుతూ నిలబడ్డాడు. ఖర్జూరం పండుగ వెళ్లాక వచ్చింది.

తరువాత ఎన్నో యేళ్లు రేవుల లెక్కలే నాకు అన్నం పెట్టాయి. రేవు మంచిచెడ్డలు మన గుమ్మం నుంచి కొలిస్తే తేలవు. ఓడ ఎటునుంచి వస్తుంది, నీళ్ల లోతెంత, రైలు పట్టాలు రేవు లోపలిదాకా ఉన్నాయా అన్నవి చూడాలి. అయినా ఒక మాట చెప్పాలి: అండమాన్‌కు విశాఖ నుంచి అడ్డులేని దారి. ఖర్జూరానికి తప్పయిన రేవు అత్తమ్మకు సరైనదే. మామ ఉన్నన్నాళ్లూ ఈ మాట ఆయనకు చెప్పాలని నాకు తోచనే లేదు.

ఇప్పుడు నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో ఫోన్‌లో చుక్కగా కనిపిస్తుంది, వరండాలో తిరిగే పని లేదు. "మోకాళ్లు ఇంకొన్ని రోజులే పనిచేస్తయిరా, ఎప్పుడు తీస్కపోతవ్?" అని అత్తమ్మ అడిగితే, "రంజాన్ సీజన్ అయిపోనీ అత్తమ్మా" అన్నాను. అన్నాక చూస్తే అది అచ్చం మామ గొంతే. రెండు పడకల్లో ఒకటి ఆయనతోనే లెక్కలోంచి పోయింది. ఈనాటికీ ఉన్న బాకీ, ఒకటి: అత్తమ్మ పడక.